మారకూడని నిమిషాలు

ఎమ్మిగనూరులో నేతగాళ్ళ వీధుల వెనకాల చిన్న మసీదు ఒకటి ఉంది. అక్కడ అజాన్ ఇచ్చే ఆయన పేరు ఇమాం సాబ్. పేరుకే ఇమాం, చేసేది మౌజన్ పని. కొత్తగా వచ్చినవాళ్ళు వాకిట్లో నిలబడి "ఇమాం సాబూ" అని పిలిస్తే నమాజు చదివించే పెద్దాయనా, ఈయనా ఇద్దరూ ఒకేసారి తలెత్తి చూసేవాళ్ళు. ఆ తమాషా చూసి నవ్వుకుంటూ పెరిగింది ఆయన కూతురు ఫిర్దోస్.

ఇమాం సాబ్ అంత మెత్తటి మనిషి ఆ వీధిలో లేడు. కోపమంటే తెలీదు, గట్టిగా మాట్లాడడమంటే మైకు ముందర మాత్రమే. కానీ నిమిషం దగ్గర మహా మొండివాడు. గోడకు అంటించిన నమాజు వేళల కాగితం ఒకసారి, చేతి గడియారం ఒకసారి చూసుకుని, ముల్లు గీత మీదికి వచ్చాకే మైకు అందుకునేవాడు. రంజాన్ నెలలో రోజా, అంటే ఉపవాసం, విడిచే వేళకు వరండా నిండా మనుషులు ఖర్జూరం చేతిలో పెట్టుకుని ఆయన గొంతు కోసమే చెవులు రిక్కించి కూర్చునేవాళ్ళు. "నా గొంతు ముందర లేసిందంటే ఇంతమంది రోజా పాడైనట్టే గదమ్మా" అని కూతురికి చెప్పేవాడు. తల్లి మగ్గాలవాళ్ళకు కండెలు చుట్టి ఇచ్చేది. రాట్నం చప్పుడు, నాయన అజాన్, ఈ రెండింటి మధ్య ఫిర్దోస్ చదువు సాగింది.

ఇంటర్ అయ్యాక ఆదోనిలో డిగ్రీలో చేరింది, కంప్యూటర్ల కోర్సు. పొద్దున్నే టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని బస్సెక్కేది, సాయంత్రం బస్సులో తిరిగొచ్చేది. మొదటి ఏడాది ఆమెకు ఏదీ తలకెక్కలేదు. మానేస్తానని కూడా ఒకసారి అంది. నిలబెట్టింది వైదేహి మేడం.

వైదేహి వాళ్ళది మంత్రాలయంలో మఠం సేవలో ఉన్న కుటుంబం. ఇంట్లో కన్నడం, క్లాసులో తెలుగు, కోపం వస్తే రెండూ కలిపి. ఆమె సి భాష చెప్పేది. పిల్లలు చాటుగా పెట్టిన పేరు కాన్‌స్ట్ మేడం. ఎందుకంటే ఎవరు ఏ ప్రోగ్రాము రాసి తెచ్చినా, అది సరిగా నడుస్తోందా లేదా అని ఆమె ముందు చూసేది కాదు. మారకూడనిదాని ముందర కాన్‌స్ట్ అని రాశారా లేదా అని చూసేది. రాయకపోతే అక్కడే ఆపి వెనక్కి ఇచ్చేది.

ప్రోగ్రాములో ప్రతి విలువకూ కంప్యూటరులో ఒక చోటు ఉంటుంది. ఆ చోటు చిరునామాను పట్టుకుని తిరిగేది పాయింటర్. చిరునామా చేతిలో ఉన్నప్పుడు అక్కడికి పోయి చూసి రావచ్చు, ఉన్నదాన్ని మార్చేసి కూడా రావచ్చు. వైదేహి మేడం దీన్ని తనదైన పద్ధతిలో చెప్పేది. "మీ ఇంటి చిరునామా ఇచ్చి ఒక మనిషిని పంపినారు. చూసి రమ్మని పంపినారా, సామాన్లు సర్ది రమ్మని పంపినారా? వాడు పోయి బీరువా అంతా కలబెట్టినాక తల పట్టుకుంటే ఏం లాభం? పంపేటప్పుడే చెప్పాల." ఆ చెప్పే మాటే కాన్‌స్ట్. అది రాసి పెడితే, చూడ్డానికి పోయిన పాయింటర్ మార్చబోయిన క్షణంలోనే, రాసినదాన్ని తనిఖీ చేసి యంత్రం భాషలోకి మార్చే కంపైలర్ పట్టుకుంటుంది. ప్రోగ్రామును నడవనివ్వదు.

ఇంతవరకు ఫిర్దోస్‌కు అర్థమైంది. కానీ ఆ మాటను పాయింటర్‌కు పెట్టే నక్షత్రం గుర్తుకు ఎడమ పక్కన రాస్తే ఒక అర్థం, కుడి పక్కన రాస్తే ఇంకో అర్థం అనేసరికి కళ్ళు తిరిగాయి. ఒకచోట విలువ మారకూడదట, ఇంకోచోట చిరునామా మారకూడదట. పరీక్షలో రెండూ తారుమారు చేసింది. మేడం పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"నువ్వు ఉర్దూ చదువుతావు గదా?"

"చదువుతాను మేడం."

"అయితే ఇదీ అట్లే కుడి నుంచి ఎడమకు చదువు. మాకందరికీ కష్టం గానీ నీకు అలవాటే."

ఫిర్దోస్ కుడి నుంచి చదివింది. మొదటిసారిగా ఆ గీత మనిషి మాట లాగ వినిపించింది. ఆ రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఎమ్మిగనూరు వచ్చేదాకా పెదాలు కదుపుతూ అలా చదువుకుంటూనే ఉంది. మానేస్తానన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

డిగ్రీ పూర్తయిన మరుసటి ఏడు ఆదోని సంబంధం వచ్చింది. పిల్లవాడు ఉమేర్. ఐటీఐ చదివి, పత్తి మార్కెట్టు దారిలో చిన్న కొట్టు పెట్టుకున్నాడు. ఇన్వర్టర్లు బాగుచేస్తాడు, పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులకు వెలిగే అక్షరాల బోర్డులు చేసి ఇస్తాడు. తండ్రి లేడు, తల్లి అజీమున్నీసాకు కొడుకే లోకం. పెళ్ళిచూపుల్లో ఉమేర్ పెద్దగా మాట్లాడలేదు. పోతూ పోతూ వాళ్ళ వాకిట్లో మిణుకుమిణుకుమంటున్న బల్బు హోల్డరు విప్పి సరిచేసి పోయాడు. ఇమాం సాబ్‌కు అక్కడే మనసు కుదిరింది.

మొగుడూ పెళ్ళాలు నలుగురిలో 'మీరు' అనుకునేవారు, ఇద్దరే ఉన్నప్పుడు 'నువ్వు'. ఉమేర్ మంచివాడు, పనిమంతుడు. అయితే ఒక చిన్న గర్వం ఉండేది. తను చేసేదంతా ఫోనులో వీడియోలు చూసి సొంతంగా నేర్చుకున్నదే. కొత్తలో ఒకసారి ఫిర్దోస్ అతని ల్యాప్‌టాప్ వైపు తొంగి చూస్తే నవ్వుతూ, "డిగ్రీలో సెప్పేది ఒగటి, ఈడ పని ఒగటి" అన్నాడు. చెడ్డగా అనలేదు. అయినా ఆమె మళ్ళీ అటు చూడలేదు. వంట, ఇల్లు, అత్త కబుర్లు. వైదేహి మేడం చెప్పిన చదువు అలా ఒక మూల పడి ఉంది.

ఆ ఏడే ఉమేర్ నమాజు బోర్డు చేశాడు. గోడకు తగిలించే నల్లటి పలక. ఎర్రటి అంకెల్లో ఇప్పటి టైము, దాని కింద ఆ రోజు ఐదు నమాజుల వేళలు, తెల్లవారుజాము భోజనం సహరీ ముగిసే వేళ, రోజా విడిచే ఇఫ్తార్ వేళ. చేతిలో పట్టుకునే రిమోటు మీద ఒక బటన్ నొక్కితే రేపటి వేళలు కాసేపు కనబడతాయి. కర్నూలులో ఏడాది పొడుగునా ఉండే వేళలు సంపాదించి చిప్పులోకి ఎక్కించాడు. కర్నూలు కన్నా ఆదోనిలో పొద్దు మూడు నిమిషాలు ఆలస్యం, ఎమ్మిగనూరులో రెండు. ఆ తేడా కలిపి చూపించేలా ప్రోగ్రాము రాశాడు. మొదట చేసిన బోర్డును ఇంట్లో అమ్మ కోసం తగిలించాడు. రెండోది తీసుకుపోయి మామగారి మసీదులో పెట్టాడు. మసీదులో బోర్డు వెలిగిన రోజు ఇమాం సాబ్ వీధి చివరిదాకా పోయి కనబడినవాళ్ళందరినీ పిలుచుకొచ్చి చూపించాడు.

రంజాన్ వచ్చింది. అత్తగారింట్లో ఫిర్దోస్‌కు అది మొదటి రంజాన్.

మొదటి వారంలోనే ఒక వింత మొదలైంది. సాయంత్రం పళ్ళెంలో ఖర్జూరాలు, పుచ్చకాయ ముక్కలు, శనగ గుగ్గిళ్ళు, మిరపకాయ బజ్జీలు సర్దుకుని అత్తాకోడళ్ళు కూర్చున్నారు. బయట మసీదులో అజాన్ వినపడింది. ఫిర్దోస్ ఖర్జూరం అందుకుంది. అజీమున్నీసా అందుకోలేదు. గోడ మీద బోర్డు చూస్తోంది.

"అత్తా, అజాన్ అయితాంది."

"మా ఉమేర్ గడియారంలో ఇంకా కాలేదు."

"మసీదులో ఇచ్చినారు గదా అత్తా."

"వాళ్ళు తొందరపడినారు. నువ్వు తిను తల్లీ. నేను దీన్ని సూసే ఇడుస్తాను."

అలా ఖర్జూరం వేళ్ళ మధ్య పట్టుకుని, నోరెండిపోతున్నా కదలకుండా, బోర్డు మీద వేళ వచ్చేదాకా కూర్చుంది. చుట్టుపక్కల మసీదులన్నీ ఒకే మాట చెబుతున్నా ఆమెకు కొడుకు చేసిన బోర్డే సత్యం. ఫిర్దోస్‌కు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

ఉమేర్‌కు చెబితే కంగారుపడ్డాడు. బోర్డు గోడ మీదనుంచి దించి కొట్టుకు తీసుకుపోయాడు. అక్కడ పెట్టి చూస్తే అన్నీ సరిగానే ఉన్నాయి. అనుమానం తీరక లోపలి గడియారం చిప్పు మార్చాడు, దాని బ్యాటరీ మార్చాడు, మళ్ళీ తెచ్చి తగిలించాడు. ఒకరోజు బాగానే ఉంది. తర్వాత మళ్ళీ అదే వరస. ఒకనాడు కొంచెం ఆలస్యం, ఒకనాడు ఇంకా ఎక్కువ. మధ్యలో కరెంటు పోయి వచ్చిన రోజు మాత్రం ఏ తేడా లేదు. అతను మాట్లాడడం తగ్గించేశాడు. ఎమ్మిగనూరు బోర్డు ఎలా ఉందోనని మామగారికి ఫోన్ చేశాడు. "దానికేమప్పా, బ్రమ్మాండంగా ఉండాది" అన్నాడు ఇమాం సాబ్. దాంతో ఉమేర్‌కు ఇంకా అయోమయం. రెండు బోర్డుల్లో ఒకే ప్రోగ్రాము. ఒకటి బాగుండి ఒకటి ఎందుకు చెడింది?

సంగతి దొరికింది ఫిర్దోస్‌కే. అదీ వంటింట్లో, బజ్జీలకు పిండి కలుపుతుండగా. పక్కింటి హనుమక్క చక్కెర కోసమని వచ్చింది. వచ్చినవాళ్ళకు బోర్డు చూపించకుండా పంపడం అజీమున్నీసా వల్ల కాదు. రిమోటు నొక్కి, "సూడు హనుమక్కా, రేపటిది గూడా ఈ పొద్దే సెప్తాది. సహరీ అయిదూ ఇరవై" అని చదివింది. కాసేపటికి హనుమక్క కోడలు దివ్య అత్తను వెతుక్కుంటూ వచ్చింది. ఆ పిల్లకూ చూపించాలి కదా. మళ్ళీ నొక్కింది. "రేపు సహరీ అయిదూ ఇరవై మూడు."

ఫిర్దోస్ చెయ్యి పిండిలోనే ఆగిపోయింది. వాళ్ళు వెళ్ళాక చెయ్యి కడుక్కుని వచ్చి, అత్త చేతిలో రిమోటు తీసుకుని తనే నొక్కింది. అయిదూ ఇరవై ఆరు. ఇంకోసారి నొక్కింది. అయిదూ ఇరవై తొమ్మిది.

చూసిన ప్రతిసారీ మూడు నిమిషాలు జరుగుతోంది. ఎంతమందికి చూపిస్తే మరునాటి వేళలు అంత ఆలస్యం. కొడుకు మీద ముచ్చటతో అత్త ఊరందరికీ చూపిస్తోంది గనుక అందరికన్నా ఎక్కువసేపు ఆకలితో కూర్చునేదీ ఆవిడే.

ఫిర్దోస్‌కు ఒక్కసారిగా వైదేహి మేడం గొంతు చెవిలో వినిపించింది. చూసి రమ్మని పంపినారా, సర్ది రమ్మని పంపినారా? కారణం తెలిసిపోయింది, ఇంకా ప్రోగ్రాము చూడకుండానే. ఇప్పుడు కష్టమల్లా అది మొగుడికి ఎలా చెప్పాలన్నదే. ఆ వారమంతా అతను సరిగా నిద్రపోలేదు. పైగా పని తన చేతుల్లో ఉన్నంతవరకు ఎవరి సాయమూ అక్కర్లేదని పెరిగిన మనిషి. చివరికి మరునాడు మధ్యాహ్నం, మార్కెట్టు సెలవు కావడంతో అతను ఇంట్లోనే ఉన్నప్పుడు, రిమోటు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"ఒకసారి నొక్కు. సదువు. మల్ల నొక్కు, మల్ల సదువు."

నొక్కాడు. చదివాడు. మూడోసారికి అతని ముఖం మారింది.

"నేను పరీక్ష చేసినప్పుడు ఒక్కసారే నొక్కినాను" అన్నాడు మెల్లగా.

"ఎవరైనా అంతే. ఒకసారి వచ్చిందంటే వచ్చినట్టే గదా."

అతను ల్యాప్‌టాప్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. కాస్త పక్కకు జరిగి చోటిచ్చాడు, అంతే.

ప్రోగ్రాములో ఆమె ఊహించినదే ఉంది. వేళలు చూపించే ఫంక్షన్‌కు, అంటే ఆ పని చేసే ప్రోగ్రాము ముక్కకు, ఉమేర్ ఆ రోజు వరస ఎక్కడుందో చిరునామా ఇచ్చి పంపుతున్నాడు. ఆ ఫంక్షన్ చూసి రావడానికి పోయింది. పోయి, ఊరి తేడా మూడు నిమిషాలను అసలు వరసలోనే కలిపేసి, అప్పుడు చూపిస్తోంది. మళ్ళీ పోతే, అప్పటికే కలిపినదానికి ఇంకో మూడు. ఎవరూ ఆపలేదు, ఎందుకంటే మార్చకూడదని ఎవరూ చెప్పలేదు.

"మరి కరెంటు పోతే ఎట్ల సరిగ్గా వస్తాది?" అని అడిగాడు.

చిప్పులో రెండు రకాల చోట్లుంటాయని, ఒకటి కరెంటు పోయినా చెదరదని, రెండోది కరెంటు ఉన్నంతసేపే గుర్తుంచుకుంటుందని ఆమె చెప్పింది. అతను వేళల పట్టికకు కాన్‌స్ట్ అని పెట్టలేదు గనుక, బోర్డు వెలిగినప్పుడల్లా పట్టిక మొదటి చోటునుంచి రెండో చోటుకు కాపీ అవుతోంది. పాడవుతున్నది ఆ కాపీ. కరెంటు పోతే అది తుడిచిపెట్టుకుపోయి మళ్ళీ మంచిది వస్తుంది. కొట్టుకు తీసుకుపోవాలంటే ప్లగ్గు పీకాల్సిందే కదా; అందుకే అక్కడికి చేరేసరికి ప్రతిసారీ అది బుద్ధిగా ఉంది.

ఉమేర్ తల కొట్టుకున్నాడు. ఒక బ్యాటరీ, ఒక చిప్పు అనవసరంగా మార్చానని వాపోయాడు. ఆమె నవ్వు ఆపుకుని, ఫంక్షన్ తల దగ్గర, పాయింటర్ నక్షత్రానికి ఎడమ పక్కన కాన్‌స్ట్ అని కొట్టింది. పట్టిక ముందర కూడా పెట్టింది. కంపైల్ చేయగానే కంపైలర్ నిమిషాలు కలిపే గీత దగ్గరే ఆగి, ఇది మార్చడానికి వీల్లేనిది అని ఎర్రటి అక్షరాలతో మొండికేసింది.

ఉమేర్ ముందుకు వంగాడు. ఇలాంటివి అతనికి తెలుసు. వీడియోల్లో చూశాడు. "దానికేముంది, ఆ పాయింటర్ ముందర బ్రాకెట్లో ఇంకో రకం అని రాసినామంటే నోరు మూసుకుంటాది" అని కీబోర్డు అందుకోబోయాడు.

ఫిర్దోస్ అతని చెయ్యి పట్టుకుంది. పెళ్ళయ్యాక అతని మాటకు అడ్డం చెప్పడం అదే మొదటిసారి.

"నోరు మూపించొద్దు. అది నోరు మూసుకునే గదా అత్త ఇన్ని దినాలు ఆకలితో కూర్చునింది."

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ తర్వాత, "అయితే ఎట్ల చేయాల, నువ్వే సెప్పు" అన్నాడు. ఆ గొంతులో రోషం లేదు. నేర్చుకునే మనిషి గొంతు అది. వీడియోల ముందు కూర్చున్నప్పుడు ఉండే గొంతు. ఫిర్దోస్‌కు అప్పుడు అతని మీద ఎంత ప్రేమ పుట్టిందో, దాన్ని దాచుకోవడానికి తెర వైపు తిరిగింది.

చేయాల్సింది పెద్దదేం కాదు. ఫంక్షన్ లోపల ఆ రోజు వరసకు సొంత కాపీ ఒకటి చేసుకోవాలి, నిమిషాలు ఆ కాపీలో కలుపుకోవాలి, చూపించాలి, పని కాగానే వదిలేయాలి. అసలు పట్టికను ఎవరూ ముట్టరు. ఇప్పుడు అది చెదరని చోటులోనే ఉంటుంది గనుక ముట్టాలన్నా కుదరదు. ఆ గీతలు ఉమేరే కొట్టాడు, ఆమె చెబుతుంటే. ఈసారి కంపైలర్ కిక్కురుమనలేదు. బోర్డు తగిలించి రిమోటు అజీమున్నీసాకు ఇచ్చారు. ఎన్నిసార్లైనా నొక్కమన్నారు. ఆవిడ విసుగొచ్చేదాకా నొక్కింది. అయిదూ పంతొమ్మిది. అయిదూ పంతొమ్మిది. "ఒగటే సెప్తాంది, చెడిపోయిందేమో సూడప్పా" అని కొడుకు వైపు అనుమానంగా చూసింది.

మిగిలింది ఎమ్మిగనూరు బోర్డు. అది బాగుందని మామగారు చెప్పినా, అందులోనూ అదే తప్పు ఉండి తీరాలి. పైగా ఆ మసీదుకు ఇన్వర్టర్ ఉంది, కరెంటు పోయినా బోర్డు ఆగదు. అంటే పాడైన వేళలు పాడైనట్టే ఉండిపోవాలి. మరి ఎలా బాగుంది? ఆ శుక్రవారం సాయంత్రపు అసర్ నమాజు వేళకు ఇద్దరూ బండి మీద ఎమ్మిగనూరు పోయారు.

ఇమాం సాబ్ అల్లుణ్ణి చూసి సంతోషపడ్డాడు గానీ ల్యాప్‌టాప్ సంచి చూసి కాస్త తడబడ్డాడు. బోర్డుకు ఏమీ కాలేదని, ఎందుకు శ్రమని, వెళ్ళి ఇంట్లో నడుం వాల్చమని చెప్పాడు. ఫిర్దోస్ అప్పటికే బోర్డు కింద నిలబడి ఉంది. స్విచ్చు చుట్టూ గోడ సున్నం వేలిముద్రలతో నల్లబడి ఉంది. మసీదులో ఫ్యాన్ల స్విచ్చులు కూడా అంత మాసిపోలేదు.

"నాయనా, దీన్ని నువ్వు రోజూ ఆపి మల్ల వేస్తాండావా?"

ఇమాం సాబ్ అటూ ఇటూ చూశాడు. వరండాలో ఎవరూ లేరు. అప్పుడు చెప్పాడు. రంజాన్ రెండో రోజే కాగితానికీ బోర్డుకూ తేడా కనిపెట్టాడట. జనం సహరీ వేళ తెలుసుకోవడానికి తెగ నొక్కుతారు కదా. ఏం చేయాలో తోచక ఒకసారి స్విచ్చు ఆపి మళ్ళీ వేస్తే సరిగా వచ్చింది. అప్పటినుంచి తెల్లవారుజామున అందరికన్నా ముందు వచ్చి ఒకసారి, పొద్దుగూకే మగ్రిబ్ నమాజుకు ముందు ఒకసారి, ఎవరూ చూడకుండా ఆపి మళ్ళీ వేస్తున్నాడు. అజాన్ మాత్రం ఎప్పటిలాగే కాగితమూ చేతి గడియారమూ చూసే ఇస్తున్నాడు.

"మరి ఆయన ఫోన్ చేసినప్పుడు సెప్పచ్చు గదా నాయనా."

"అల్లుడు తన చేత్తో చేసి పెట్టినాడు. పదిమందీ మెచ్చుకున్నారు. దాంట్లో తప్పుండాదని నా నోటితో ఎట్ల సెప్పేదమ్మా?"

నిమిషం తప్పితే ఊరుకోని మనిషి, అల్లుడి కోసం రోజుకు రెండుసార్లు దొంగలా స్విచ్చు నొక్కాడు. ఫిర్దోస్‌కు కోపం వచ్చింది, అది నిలబడలేదు. ఉమేర్ అయితే బోర్డు వైర్లు విప్పసాగాడు. చివరికి మామగారి వైపు తిరిగి, తప్పు తనదేనని, పట్టుకున్నది ఆయన కూతురని, ఇకమీదట ఏ తేడా కనబడినా మొదట తనకే చెప్పాలని అన్నాడు. "మీరు సెప్పకపోతే నాకెవరు సెప్తారు మామా?" అన్నాడు. ఇమాం సాబ్ సరేనని తలూపి, కూతురి వైపు ఒకసారి చూశాడు. ఆ చూపులో ఏముందో ఫిర్దోస్ ఇప్పటికీ ఎవరితోనూ పూర్తిగా చెప్పలేకపోతోంది. కొత్త ప్రోగ్రాము ఎక్కించాక, ఆ సాయంత్రం మసీదు జనం బోర్డూ మౌజన్ గొంతూ ఒకే నిమిషానికి కలవగా రోజా విడిచారు. ఆ రోజు స్విచ్చు ఎవరూ ముట్టలేదు.

రంజాన్ అయ్యాక, పండగ సెమియాలు డబ్బాలో పెట్టుకుని ఫిర్దోస్ కాలేజీకి పోయింది. వైదేహి మేడం డబ్బా అందుకుని, కథంతా విని, మొదట అడిగిన మాట, "కాన్‌స్ట్ ఏ పక్కన పెట్టినావు?" ఎడమ పక్కన అని చెప్పాక గానీ నవ్వలేదు. ఆ తర్వాత తన అవసరం ఒకటి బయటపెట్టింది. వాళ్ళ నాన్న సేతుమాధవరావుకు చూపు తగ్గింది. ఏకాదశి ఉపవాసం మానడు. మరునాడు ద్వాదశి పారణ ఏ వేళకు చేయాలో పంచాంగంలో చదవడానికి కళ్ళు ఆనవు, ఇంకొకరిని అడగడానికి మనసొప్పదు. పెద్ద అంకెలతో అలాంటి బోర్డు చేయగలరా అని అడిగింది.

ఆ ప్రోగ్రామును ఫిర్దోస్ మొదటి గీతనుంచి తనే రాసింది. మంత్రాలయం తీసుకుపోయి తగిలించిన రోజు సేతుమాధవరావు కుర్చీ బోర్డుకు ఎదురుగా జరిపించుకుని, అంకెలు తనకు తానుగా పైకి చదివాడు. ఆ తర్వాత ఉమేర్‌ను కూర్చోబెట్టుకుని సూర్యోదయం లెక్క మంత్రాలయానిదేనా, కర్నూలుదా అని ప్రశ్న మీద ప్రశ్న వేశాడు. ఉమేర్ ప్రతిదానికీ, "అది మా ఇంటామె రాసింది స్వామీ, ఆమెనే అడగండి" అన్నాడు. ఆ మాట అన్నప్పుడల్లా అతని ముఖంలో కనబడిన వెలుగు చూసి వైదేహి మేడం ఫిర్దోస్ భుజం మీద చెయ్యి వేసింది.

ఇప్పుడు కొట్టులో రెండు బల్లలున్నాయి. ఒకదాని మీద ఉమేర్ టంకం పనులు, ఇంకోదాని మీద ఫిర్దోస్ ల్యాప్‌టాప్. చిప్పగిరినుంచి, కృష్ణగిరినుంచి, నందవరం పక్క పల్లెలనుంచి మసీదుల వాళ్ళు వస్తారు. బోర్డు కట్టేది అతను, లోపలి రాత ఆమెది. రాసింది ఒకరికొకరు చూపించుకోకుండా చిప్పులోకి ఎక్కించరు. ఆమె తప్పులు అతను పట్టుకున్న రోజులూ ఉన్నాయి. అప్పుడు అతని సంబరం చూడాలి. మధ్యాహ్నం పూట అజీమున్నీసా బొరుగులతో ఉగ్గాని చేసి క్యారియరులో తెచ్చి, వచ్చినవాళ్ళకు కోడల్ని చూపించి పోతుంది.

గొడవలు లేవని కాదు. బయట పత్తి లారీలు పోతుంటే దుమ్మంతా లోపలికే వస్తుంది, ఎండాకాలం రేకుల కింద ఉడికిపోతుంది. ఆమెకు ఫ్యాను కావాలి. ఫ్యాను తిరిగితే టంకం సరిగా అతకదని అతను ఆపేస్తాడు. ఆమె లేచి వేస్తుంది. అతను నవ్వుతూ మళ్ళీ ఆపుతాడు. ఈ తగాదా మాత్రం ఇంతవరకు తేలలేదు.